తునికాకు చాటలో కెర్నల్

కామారెడ్డి బస్టాండులో, పట్టపగలు, చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ తప్ప మరో ఆయుధం లేకుండా, తొమ్మిది మంది విదేశీ గూఢచారులను నేల కరిపించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. అతని పేరు దేవీసింగ్. ఆ రోజు దుమ్ము లేస్తే రాజంపేట దాకా కనిపించిందని చూసినవాళ్లు చెబుతారు. ఆ సంగతికి వస్తాను. అంతకుముందు ఒక శవం గురించి చెప్పాలి.

2012 మార్చి నెల. గల్ఫ్‌లో ఒక రేవు. ఓడల డెక్కులు కడిగే రాజంపేట స్వామిదాసు మధ్యాహ్నం చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, దాని పక్కనే ఒరిగిపోయాడు. గుండెపోటు అని కాగితం రాశారు. పెట్టెలో వచ్చిన శవాన్ని భార్య మంగవ్వ పూడ్చిపెట్టింది. ఆ చాయ్‌లో పడ్డ మూడు చుక్కల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్వామిదాసు పద్దెనిమిదేళ్లుగా ఈ దేశపు రహస్య శాఖకు కళ్లూ చెవులూ అన్న సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక రోజు, పొద్దున ఏడున్నరకు, కామారెడ్డిలో మోటార్ల వైండింగ్ దుకాణం వెనక గదిలో చీఫ్ రాజలింగు ఫైలు తెరిచాడు. బయట కాలిపోయిన మోటార్లతో రైతులు వరుస కట్టారు. శాఖ ఆఫీసుకు అంతకన్నా మంచి ముసుగు ఆ జిల్లాలో దొరకదు.

"స్వామిదాసును చంపింది తెల్లనత్త ముఠా. విదేశీ ముఠా. అడిగినోనికి రహస్యాలు అమ్ముతరు. రాత్రి వాళ్ల మెసేజ్ ఒకటి పట్టినం."

"ఏమున్నది?"

"నాలుగు మాటలు. 'ఎల్లారెడ్డి, రేపు, రెండు గంటలు.'"

దేవీసింగ్ కుర్చీలో కూర్చోలేదు. ఏభై నాలుగేళ్ల మనిషి. పదహారేళ్లుగా అతన్ని 'లెగసీ సెక్షన్' అనే గదిలో పడేశారు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, అదీ తిరగదు. పాత నెట్‌వర్కులన్నీ తన చేత్తో వేసినవాడు కనుక, పాత నెట్‌వర్కులతో పాటే అతన్నీ మూలకు నెట్టారు.

"ఎల్లారెడ్డిల ఉన్నది ఒక్కటే," అన్నాడు. "నేను తొంభై నాలుగుల పెట్టిన సర్వర్."

"అదే."

ఎల్లారెడ్డిలో ఒక బీడీ కార్ఖానా గోడౌన్ వెనక గదిలో ఆ సర్వర్ ఉంది. గల్ఫ్‌లో శాఖకు పనిచేసే నలభై ఒక్క మంది వలస కూలీల అసలు పేర్లు, ఎక్కడ ఉంటున్నారు, ఏ ఫోన్‌లో దొరుకుతారు, అన్నీ అందులోనే. కాగితం మీద ఎక్కడా లేవు. బ్యాటరీల మీద పద్దెనిమిదేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. ఆపితే మళ్లీ లేవదు. లేపే పాస్‌వర్డ్ తెలిసిన అప్పటి పెద్దసారు చచ్చిపోయి తొమ్మిదేళ్లు.

"ముఠా చేతికి పోతే నలభై మంది పీనుగులు పెట్టెలల్ల వస్తయి. మనం ముందుగాల పోయి పేర్లు తీసుకోని, వాళ్లను తప్పిచ్చి, సర్వర్‌ను తుడిచెయ్యాలె."

"ఫోర్సు?"

"సర్వర్ జాగ బయటోనికి ఎట్ల తెలిసింది? లోపలి మనిషే అమ్మిండు. ఎవరిని నమ్మమంటవు? నువ్వొక్కనివే."

"గిప్పుడు గుర్తొచ్చిన్నా సార్?" దేవీసింగ్ గొంతు లేవలేదు గానీ మెడ నరం లేచింది. "సర్వర్ కాడుండే యాదవ్వ నెల కింద ఉత్తరం రాసింది. సర్వర్ చూసే మానిటర్ కాలిపోయింది, కొత్తది పంపుండ్రి అని. రెండో ఉత్తరం గూడ రాసింది. రెండిటి మీద మీవోళ్లు ఏం రాసిండ్రు? 'లెగసీ. ఎవరూ వాడరు.' నలభై ఒక్క మంది పానాలు వాడుతున్నయి సార్ దాన్ని."

రాజలింగు ఫైలు వైపు చూశాడు. దేవీసింగ్ ఆ ఫైలు మూసేశాడు.

"నలభై ఒకటోది ఎవరి పేరో మీకు ఎరుకేనా?"

"ఎరుకే. మీ తమ్ముడు హరిచంద్."

"యాది పెట్టుకోండ్రి," అని దేవీసింగ్ టిఫిన్ క్యారియర్ అందుకున్నాడు.

ఆ క్యారియర్ గురించి కాస్త చెప్పుకోవాలి. మొదటి గిన్నెలో జర్దా డబ్బా. అందులో పొగాకు ఉండదు; పాత కేబుల్‌ను కొత్త లాప్‌టాప్‌కు కలిపే కన్వర్టర్ ఉంటుంది. రెండో గిన్నెలో అరచేతంత హార్డ్ డిస్క్, అందులో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం సోర్స్ కోడ్. మూడో గిన్నెలో జొన్నరొట్టెలు. నాలుగో గిన్నెలో మామిడికాయ తొక్కు. శాఖ శాస్త్రవేత్తలు నాలుగో గిన్నెలో కూడా ఏదో పెడతామన్నారు గానీ, తొక్కు జోలికి వస్తే రాజీనామా చేస్తానన్నాడు.

బస్టాండు. భుజాన నల్ల లాప్‌టాప్ బ్యాగు, ఒక చేతిలో క్యారియర్, రెండో చేతిలో బీడీలు చుట్టే తునికాకు గోనెసంచి. పల్లీలమ్మే మనిషి దగ్గర ఆగి, "తాడ్వాయి బస్సు పోయిందా?" అన్నాడు.

"పోయింది. ఒక టైరు మాత్రం ఇడిసిపెట్టి పోయింది."

కోడ్ సరిపోయింది. పల్లీల పొట్లం మీద పెన్సిల్‌తో రాసి ఉంది: 'వెనక ఇద్దరు.'

ఇక్కడ నేను ఒక ముక్క ఒప్పుకోవాలి. మొదట్లో తొమ్మిది మంది అన్నాను కదా, ఇద్దరే. పడగొట్టింది కూడా దేవీసింగ్ కాదు. అతను నిజామాబాద్ బస్సు వైపు నడిచాడు. ఆ ఇద్దరూ నల్లద్దాలు పెట్టుకుని బస్సు తలుపు దగ్గర కాపు కాశారు. బస్సు ఇంకా ఆగనే లేదు, నూటయాభై మంది దాని మీద పడ్డారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక చంటిపిల్ల, అన్నీ సీట్ల మీద పడ్డాయి. తలుపు దగ్గర నిలబడడం అంటే ఏమిటో ఆ ఇద్దరికీ వాళ్ల దేశంలో ఎవరూ నేర్పలేదు. ఒకడి మీదుగా ఒక పెళ్లి బృందం మొత్తం ఎక్కింది. రెండోవాడు దేవీసింగ్ భుజాన ఉన్న బ్యాగు మాత్రం లాక్కోగలిగాడు. వెంటనే ఫోన్‌లో, "లాప్‌టాప్ దొరికింది. మనిషి నిజామాబాద్ బస్సులో పోయాడు," అని చెప్పాడు.

బ్యాగులో రెండు ఇటుకలున్నాయి. మనిషి అటు తలుపులోంచి దిగి ఎల్లారెడ్డి బస్సెక్కాడు. లాప్‌టాప్ గోనెసంచిలో, తునికాకుల మధ్య పడుకుని ఉంది.

ఎల్లారెడ్డిలో దిగేసరికి పది దాటింది. కార్ఖానా గోడౌన్ రేకుల కప్పు అప్పటికే కాగుతోంది. లోపల ఇరవై మంది ఆడవాళ్లు గోడలకు ఆనుకుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కత్తెర్లు కిచకిచమంటున్నాయి. పొగాకు ఘాటుకు దేవీసింగ్ నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"తుమ్ములు వినంగనే నువ్వే అనుకున్న తమ్మీ," అంది యాదవ్వ. అరవై ఏళ్ల మనిషి, కార్ఖానా రిజిస్టర్ ఆమె చేతిలోనే ఉంటుంది. సర్వర్ బ్యాటరీల్లో నీళ్లు పోసేదీ, సెలవు మీద వచ్చిన మనుషుల కొత్త ఫోన్ నంబర్లు అందులో కొట్టేదీ ఆమే. "నా ఉత్తరం గిప్పుడు అందిందా మీ సార్లకు?"

"ఉత్తరానికి కదలలేదక్కా. స్వామిదాసు పీనుగుకు కదిలిండ్రు."

యాదవ్వ గోడ దగ్గర కూర్చున్న మంగవ్వ వైపు చూసి, గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడు. గామెకు ఎరుక లేదు."

సర్వర్ గదిలోంచి పాత నల్ల కేబుల్ ఒకటి బయటికి వచ్చి, గోడౌన్ గోడ పొడుగునా పాకి, అటు చివర తలుపు పక్కన ముగుస్తుంది. మధ్యలో అక్కడక్కడా కొళాయిల్లాంటి కనెక్టర్లు. సర్వర్ మానిటర్ కాలిపోయింది కనుక దేవీసింగ్ మూలన ఉన్న కనెక్టర్‌కు జర్దా డబ్బా తగిలించి, లాప్‌టాప్ తెరిచాడు.

ఆ సర్వర్‌కు ఒక్కటే భాష వచ్చు. దాని పేరు ఐపీఎక్స్. తొంభైలలో ఆఫీసు కంప్యూటర్లన్నీ దాన్నే మాట్లాడేవి, ఇప్పటివి మాట్లాడవు. అయినా లాప్‌టాప్‌కు నేర్పవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను కెర్నల్ అంటారు. ఏ పరికరంతో ఏ భాషలో మాట్లాడాలో చెప్పేది అదే. పాత భాషలన్నీ అందులో విడి ముక్కలుగా, మాడ్యూళ్లుగా ఉంటాయి. కావలసినప్పుడు పిలిస్తే చాలు.

దేవీసింగ్ పిలిచాడు. తెర మీద జవాబు వచ్చింది: మాడ్యూల్ దొరకలేదు.

మళ్లీ పిలిచాడు. అదే జవాబు. కెర్నల్ తయారు చేసేటప్పుడు ఏవి ఉంచారో, ఏవి తీశారో రాసి ఉండే కాన్ఫిగ్ ఫైలు తెరిచాడు. వేల వరుసలు. మధ్యలో ఆ ఒక్క వరుస: ఐపీఎక్స్, సెట్ చేయలేదు. పోయిన నెల దాకా అది ఉంది. అంతేకాదు, బయటినుంచి ఏ మాడ్యూల్‌నూ కలపకుండా ఆ సౌకర్యాన్నే పీకేశారు. తలుపు మూసి, తలుపుకు అడ్డంగా గోడ కట్టారు.

కెర్నల్‌కు ఒక మంచి గుణం ఉంది. తనను ఎవరు, ఎప్పుడు తయారు చేశారో కడుపులో దాచుకుంటుంది. దేవీసింగ్ అడిగాడు. చెప్పింది.

తయారు చేసినవారు: వినీత. తేదీ: స్వామిదాసు చనిపోయిన మర్నాడు.

వినీత శాఖ సిస్టమ్స్ విభాగానికి హెడ్. హైదరాబాద్ ఆఫీసులో ఆమె నడిచి వెళితే ఆ వరండాలో పావుగంట సెంటు వాసన ఉండేది. కొత్త కెర్నల్ శాఖలోని అన్ని లాప్‌టాప్‌లకూ ఆమె ఎక్కించిన రోజు సమావేశంలో, "పాత ప్రోటోకాల్స్ అన్నీ తీసేశాను. అనవసరపు బరువు. అవి వాడేవాళ్లు కూడా," అని దేవీసింగ్ వైపు చూసి నవ్వింది. అందరూ నవ్వారు.

ఆ నవ్వు ఇప్పుడు అతని చెవుల్లో సలసల కాగింది. బరువట. శాఖ నోరు నొక్కేసి, తన ముఠాకు మాత్రం ఆ భాష ఉంచుకుంది.

"యాదక్కా, కరెంటు ఎప్పుడొస్తది?"

"పొద్దున ఆరుకు పోయింది. రెండు గంటలకు వస్తదట."

రెండు గంటలు. మెసేజ్‌లో ఆ మాట ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది. ముఠా కరెంటుతో నడిచే పెద్ద మెషీన్ తెస్తోంది. అప్పటిదాకా ఆగక తప్పదు. లాప్‌టాప్ బ్యాటరీ మాత్రం మూడు గంటలు వస్తుంది. కెర్నల్‌ను మొదటినుంచీ కట్టాలి.

దేవీసింగ్ కోపంతో కట్టాడు. సోర్స్ డిస్క్ తగిలించి కాన్ఫిగరేషన్ మెనూ తెరిచాడు. నెట్‌వర్కింగ్‌లో ఐపీఎక్స్ దగ్గర టిక్కు పెట్టాడు. ఆ సర్వర్ ఫైళ్లు చదివే పాత ఫైల్ సిస్టమ్ దగ్గర ఇంకో టిక్కు. తర్వాత కంపైల్, అంటే ఆ కోడ్‌ను కెర్నల్‌గా కట్టే పని, త్వరగా అయ్యేందుకు అక్కర్లేనివన్నీ తీయడం మొదలుపెట్టాడు. సౌండ్, తీసేయ్. బ్లూటూత్, తీసేయ్. ఆటల జాయ్‌స్టిక్‌లు, టీవీ కార్డులు, తీసేయ్. ఒక్కో దాన్ని పీకేటప్పుడు ఒక్కో అధికారి పేరు గొణుక్కున్నాడు. నూట పన్నెండు పీకాడు. శాఖలో అంతమంది అధికారులు లేకపోవడంతో కొందరిని రెండుసార్లు తిట్టాడు.

కంపైల్ మొదలైంది. పదకొండున్నర. సరిగ్గా అప్పుడే బయట కారు ఆగింది.

యాదవ్వ తలుపు సందులోంచి చూసింది. "నల్లద్దాల పిల్ల. ఎనక ఇద్దరు మొగోళ్లు. ఒకడు కుంటుతున్నడు."

"ఆమె నన్ను గుర్తువడుతది."

"మంగవ్వా, నీ సంచిల చీర ఉన్నదా?" అంది యాదవ్వ. "తియ్యి. తమ్మీ, కూసో. ఒళ్లె చాట పెట్టుకో."

"మీసం?"

"కొంగుల దాసుకో. తీస్తనంటే ఇంటవా నువ్వు?"

వినీత లోపలికి వచ్చేసరికి గోడ మూలన ఇరవై ఒకటో ఆడమనిషి ముసుగు వేసుకుని, చాట ముందు వంగి కూర్చుని ఉంది. చాటలో తునికాకులు. ఆకుల కింద లాప్‌టాప్. లాప్‌టాప్ కడుపులో సగం కట్టిన కెర్నల్.

"నేను హెడ్ ఆఫీస్ నుంచి వచ్చాను. సర్వర్ అప్‌గ్రేడ్," అంది వినీత. ఆమె నల్లద్దాల్లో కెమెరా ఉంది. లిప్‌స్టిక్‌లో రేడియో ఉంది. హ్యాండ్‌బ్యాగులో చిన్న పిస్తోలు ఉంది. వెనక ఇద్దరూ పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చి, తలుపు పక్కన కేబుల్ చివరకు తగిలించి, కారులో కూర్చోవడానికి పోయారు. సర్వర్‌లో ఉన్నదంతా మూటగట్టి ఎత్తుకుపోయి, తాళాలు తర్వాత తీరిగ్గా పగలగొట్టాలని వాళ్ల లెక్క.

"కరెంటు ఎప్పుడు?"

"రెండింటికి," అంది యాదవ్వ.

వినీత కుర్చీ వేసుకుని గోడౌన్ మధ్యలో కూర్చుంది. కళ్లద్దాలు ఇరవై ఒక్క చాటల మీదుగా ఒకసారి తిరిగాయి. ఆమెకు చేతులు కనిపించాయి, చాటలు కనిపించాయి. బీడీలు చుట్టేవాళ్ల మొహాలు చూసే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. దేవీసింగ్‌ను ఆ రోజు కాపాడింది చీర కాదు, ఆ అలవాటే.

కంపైల్ వేడికి చాటలో ఆకులు ఎండి టపటపమన్నాయి. లాప్‌టాప్ ఫ్యాను తేనెటీగల తుట్టెలా మోగడం మొదలైంది. వినీత తల తిప్పింది. యాదవ్వ వెంటనే పాట ఎత్తుకుంది. ఇరవై గొంతులు కలిశాయి. మేస్త్రీ మంచి ఆకును పక్కకు తీసి, చెడ్డ ఆకు తమకు తూచి ఇచ్చే పాట అది. తిట్లతో మొదలై తిట్లతో ముగుస్తుంది. దేవీసింగ్‌కు ప్రాణం లేచొచ్చింది.

మంగవ్వ పక్కకు వంగి గుసగుసలాడింది. "అన్నా, చేతులు ఊకె పెట్టకు. జర ఆకు చుట్టు. నీ చాటల ఒక్క బీడీ లేదు."

అతను ఒకటి చుట్టాడు. అది బీడీలా లేదు, దెబ్బ తగిలిన వేలుకు కట్టిన కట్టులా ఉంది.

"నీ పెండ్లాం నీతోటి ఎట్ల ఎల్లదీస్తున్నదో," అంది మంగవ్వ. ఇంకో ఆకు అందుకుని, "మా ఆయన గూడ గిట్లనే. చేతులు పనికి రావు. మనసు మంచిది," అంది.

దేవీసింగ్ కొంగు ఇంకా ముందుకు లాక్కున్నాడు. ఆ మనిషికి నిజం చెప్పని శాఖను మనసులోనే తిట్టాడు. ఆ శాఖలో తానూ ఉన్నాడు.

ఒంటిగంట ఇరవైకి కెర్నల్ తయారైంది. రీబూట్. తెర నల్లబడింది. పది సెకన్లు. ఇరవై. పీకిన నూట పన్నెండులో అవసరమైనది ఏదైనా పోయిందా అని చెమట పట్టింది. లేచింది. ఐపీఎక్స్ ఉంది. సర్వర్‌ను పిలిచాడు.

పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. అంతే.

భాష ఒకటే అయినా పిలిచే తీరు తేడా ఉంటుంది. ఇంట్లో 'బాపూ' అని పిలిపించుకునే ముసలాయనను 'సార్' అంటే ఎందుకు పలుకుతాడు? ఐపీఎక్స్‌లో ఆ పిలుపును ఫ్రేమ్ అంటారు. ఎక్కువగా వాడేవి రెండు రకాలు: ఎనిమిది వందల రెండు పాయింట్ రెండు, పాయింట్ మూడు. సర్వర్ పెట్టింది తానే అయినా, పద్దెనిమిదేళ్ల కింద దాని పిలుపు ఎంచింది పెద్దసారు. ఏది పెట్టాడు? ఒక్కొక్కటీ పెట్టి చూస్తే రెండు మూడు నిమిషాలే, కానీ తప్పు పిలుపులు మూడు అయితే సర్వర్ తలుపు వేసుకుంటుంది. ఏ రకమో చెప్పకుండా పిలిచిన రెండూ అప్పుడే అయిపోయాయి.

కత్తెర మొనతో ఒక తునికాకు మీద గీశాడు: '2? 3?' ఆకు చేతులు మారింది. మంగవ్వ నుంచి పక్కామెకు, అక్కడినుంచి యాదవ్వకు. యాదవ్వ ఆకును వెలుతురుకు పెట్టి, చిల్లులున్నాయేమో చూసినట్టు చూసింది.

"ఎవ్వరే ఈ ఆకు పంపింది? ఎన్నిసార్లు చెప్పాలె, మూడే. పెద్దసారు ఉన్నప్పటిసంది మూడే."

"ఏంటి మూడు?" అంది వినీత.

"ఆకు కోతలమ్మా. ఒక్క ఆకుకు మూడు బీడీలు."

వినీత మొహం తిప్పుకుంది. దేవీసింగ్ మూడు పెట్టాడు. సర్వర్ పలికింది.

ఒకటి యాభై. స్వామిదాసుది పోను నలభై ఫైళ్లు. ఒక్కో ఫైలుకు ఒక్కో తాళం. ఆ మనిషి ఇంటి ఆడమనిషి బీడీ కార్డు నంబరే ఆ తాళం. అన్నీ ఒకరికే గుర్తున్నాయి. ముసుగు తల ఊపగానే యాదవ్వ రిజిస్టర్ తెరిచి, గోడౌన్‌లో చుట్టేవాళ్లవీ, ఇంటి దగ్గర చుట్టేవాళ్లవీ కలిపి హాజరు పిలవసాగింది.

"మూడు వందల పన్నెండు. రెండు వందల డెబ్బై. నాలుగు వందల ఎనిమిది."

ఒక్కో నంబరుకు చాట కింద ఒక్కో ఫైలు తెరుచుకుంది. ఆకుల కింద వేళ్లు పరిగెత్తాయి.

"ఆపుతారా ఈ గోల?" అంది వినీత.

"హాజరు పడకపోతే మాకు కూలి పడదమ్మా," అని యాదవ్వ పేజీ తిప్పింది. "నూట తొంభై. ఐదు వందల రెండు."

ముప్పై అయిదు. ముప్పై ఆరు. అప్పుడు మంగవ్వ తల ఎత్తింది.

"యాదక్కా, నాది పిలువలేదేంది? రెండు వందల ఎనభై ఒకటి. నా ముందుదీ పిలిచినవు, నా ఎనకదీ పిలిచినవు."

యాదవ్వ వేలు పేజీ మీదే ఆగింది. ఇరవై కత్తెర్లూ ఆగాయి. తన చుట్టూ ఎవరి నంబర్లు పిలిచారో మంగవ్వ చూసింది. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లవి. మగవాళ్లు బతికి ఉన్న ఇళ్లవి. పక్కన ముసుగులోని మీసాన్ని చూసింది. గుండెపోటు మాట అబద్ధమని ఆమెకు తెలిసింది. ఏడవలేదు. కత్తెర పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

"ఊకో మంగా," అంది యాదవ్వ మెల్లగా. "నీది నేనే రాసుకుంటా."

మంగవ్వ ఊరుకుంది. తల వంచి, మళ్లీ ఆకు కత్తిరించింది.

"మూడు వందల ముప్పై. ఆరు వందల ఏడు. నాలుగు వందల పదహారు."

ముప్పై తొమ్మిది. మిగిలింది ఒక్కటే. హరిచంద్ భార్య బాలి నంబరు. యాదవ్వ నోరు తెరిచింది.

రెండు గంటలు. గోడౌన్‌లో బల్బు వెలిగింది.

వినీత ఒక్క ఉదుటున లేచి డెస్క్‌టాప్ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, జర ఆగు," అంది యాదవ్వ. శత్రువైనా సరే, ఆ మాట చెప్పకుండా ఉండడం ఆ ఊళ్లో ఎవరివల్లా కాదు. "కరెంటు రాంగనే ఏ స్విచ్చీ ఎయ్యొద్దు. పది నిమిషాలు ఆగాలె."

"నాకు నేర్పుతున్నావా? నువ్వు బీడీలు చుట్టుకో," అని వినీత స్విచ్చి వేసింది.

ఎల్లారెడ్డి చుట్టూ వరి పొలాల్లో ప్రతి బోరు మోటారుకూ ఆటో స్టార్టర్ ఉంటుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, రాత్రంతా బోరు కాడ కూర్చోలేక, రైతులు పెట్టుకున్నవి. కరెంటు వచ్చిన క్షణాన అవన్నీ ఒక్కసారి లేస్తాయి. బల్బు మొదట సూర్యుడిలా వెలిగింది. మరుక్షణం నాలుగు వందల మోటార్లు కలిసి ఒకే గుక్క తాగాయి. బల్బు ఎర్రటి పురుగులా ముడుచుకుంది, మళ్లీ ఎగసింది, మళ్లీ ముడుచుకుంది. ముఠా డెస్క్‌టాప్ ఒక్క మూలుగు మూలిగి, టప్‌మని పేలి, వెనకనుంచి నల్లటి పొగ వదిలింది.

"ఆరు వందల పన్నెండు," అంది యాదవ్వ.

హరిచంద్ ఫైలు తెరుచుకుంది. దేవీసింగ్ కాపీ చేసి, తుడిచే ఆదేశం ఇచ్చి, కొంగు తీసి నిలబడ్డాడు.

"వినీత మేడం. మాడ్యూల్ దొరికింది."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆ చెయ్యి బయటికి రాలేదు. మంగవ్వ దాన్ని బ్యాగుతో సహా నేలకు నొక్కి, మెడ పక్కన కత్తెర పెట్టింది. మిగతా పంతొమ్మిది కత్తెర్లు లేచి నిలబడ్డాయి.

"నువ్వేనా?" అంది మంగవ్వ. "నువ్వే అమ్మినవా మావోన్ని?"

"మంగవ్వా, వద్దు," అన్నాడు దేవీసింగ్.

"నువ్వు మాట్లాడకన్నా. ఆమె అమ్మింది. మీరు దాసిండ్రు. గుండెపోటని పెట్టెల పెట్టి పంపిండ్రు. నేను ఆయన చాయ్‌కు ఆశపడి చచ్చిండనుకున్న."

దేవీసింగ్ ఆమె ముందు కింద కూర్చున్నాడు. చీరలోనే కూర్చుని, స్వామిదాసు పద్దెనిమిదేళ్లు ఏం చేశాడో మొదటినుంచీ చెప్పాడు. రహస్యాల చట్టం ప్రకారం అది నేరం. చెప్పాడు. ఆమె కత్తెర తీసింది.

బయట ఇద్దరూ పొగ చూసి పారిపోయారు. కారు తాళం వినీత బ్యాగులో ఉండిపోయింది గనుక షేరింగు ఆటో ఎక్కారు. పన్నెండు మంది నిండితే గానీ ఆటో కదలదు. పదకొండో మనిషి ఎక్కే లోపల పోలీసులు వచ్చారు.

రెండున్నరకు నలభై మెసేజ్‌లు సముద్రం దాటాయి. మూడింటికి ముప్పై తొమ్మిది జవాబులు వచ్చాయి. నలభయ్యోది నాలుగు దాటాక వచ్చింది. 'నేను నడిపే వాటర్ ట్యాంకర్ ఇడిసిపెట్టిన. ఓడల ఉన్న. తిననీకె ఏమన్న పంపినవా?' తమ్ముడే, అనుమానం లేదు.

చీఫ్ రాజలింగు ఫోన్ చేశాడు. "శభాష్ దేవీసింగ్. రిపోర్టు రాయి. ఇంకొకటి, కొత్త కెర్నల్‌ల ఐపీఎక్స్ ఉంచాల్నా తియ్యాల్నా అని కమిటీ ఏసినం."

"సార్, మంగవ్వకు నిజం చెప్పిన. కమిటీ ఎయ్యాలంటే దాని మీద ఎయ్యిండ్రి. ఆమె మొగని పేరు మీ ఫైలుల రాసి, ఆ కాగితం మీరే తెచ్చి ఆమె చేతిల పెట్టిందాక నేను ఈ గోడౌన్ ఇడిసి రాను."

అయిదో రోజు రాజలింగు కాగితం పట్టుకుని బస్సులో వచ్చాడు. అప్పటికి దేవీసింగ్ చుట్టిన బీడీల్లో సగం మేస్త్రీ పాస్ చేస్తున్నాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ముఠా నిజం, జర్దా డబ్బా నిజం, చీరలో మీసం నిజం. నేను కల్పించింది ఒక్కటే: ఆ రోజు కరెంటు రెండు గంటలకు రాలేదు. వచ్చింది మూడుంబావుకు. ఆ గంటంబావు ఏజెంటూ, శత్రువూ, ఇరవై మంది ఆడవాళ్లూ కలిసి బల్బు వైపు చూస్తూ కూర్చున్నారు. కథలో కరెంటు ఆలస్యమైతే చదివేవాళ్లు ఊరుకోరు. ఊళ్లో అయితే అందరం ఊరుకున్నాం.